వింగ్‌లో ఎవరూ లేరు

పోయిన వారం మన గుసగుసను స్టేజి మెట్ల దగ్గర, ఒక కాలు కింది మెట్టు మీద, ఒక కాలు పై మెట్టు మీద పెట్టించి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఆమెను పైకెక్కించే ముందు, ఈ కథలోకి ఇవాళే అడుగు పెడుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

గుసగుస అసలు పేరు ఆ నాటక సమాజంలో ఎవరికీ గుర్తు లేదు. పక్కతెర చాటున, అంటే వింగ్‌లో, చిన్న స్టూలు మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు అందించడం ఆమె పని. గొంతు పెంచకూడదు, ముఖం చూపించకూడదు. పెళ్లయి ఆరేళ్లు, ఆ స్టూలెక్కీ ఆరేళ్లే. సమాజాన్ని నడిపేదీ, ప్రతి నాటకంలో హీరో వేషం కట్టేదీ ఆమె భర్త. అందరూ ఆయన్ని మాస్టారంటారు. ఆయన చెయ్యి ఇంట్లో ఎలా లేస్తుందో ఆమెకొక్కదానికే తెలుసు. కమిలిన చెంపకు హీరోయిన్ మేకప్ పెట్టెలోని రంగు పూసుకుని పనికి రావడం ఆమెకు అలవాటైపోయింది.

వాళ్లు పన్నెండేళ్లుగా ఆడుతున్న పాత నాటకం ఒకటుంది. అందులో ఇల్లాలు భర్తకు చెప్పకుండా గుమ్మం దాటుతుంది, చివర్లో ఆయన కాళ్ల మీద పడి క్షమించమంటుంది. జనం కళ్లు తుడుచుకుంటూ ఇళ్లకు పోతారు. చిరిగిపోతున్న ఆ పాత ప్రతిని తిరగ రాస్తున్న గుసగుసకు చివరి ఏడు కాగితాలు జిగురుతో అంటించేసి కనిపించాయి. తడిగుడ్డ వేసి ఓపిగ్గా విడదీసి చదివింది. నూరేళ్ల కిందట రాసినాయన ముగింపు వేరే రాశాడు. అందులో ఆ ఇల్లాలు ఎవరి కాళ్ల మీదా పడదు. ఇల్లు వదిలి వెళ్లిపోతుంది.

సరిగ్గా ఆ మర్నాడే హీరోయిన్ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆట ఇంకో మూడు రోజుల్లో. నాటకం మొత్తం నోటికి వచ్చిన ఆడమనిషి సమాజంలో ఒక్కతే ఉంది.

ఇక రెండో కాలు కూడా పైకి పెట్టిద్దాం.

*

ఉదయం పదకొండు కావస్తోంది. స్టేజి మీదికి అడుగు పెట్టగానే పైనున్న పెద్ద దీపం వెలుగు గుసగుస ముఖం మీద పడింది. చలికాలం పొద్దున కుర్చీని ఎండలోకి లాక్కుని కూర్చున్నట్టు, ఒళ్లంతా హాయిగా వెచ్చబడింది. ఆరేళ్లుగా ఈ వెలుగును పక్క నుంచి చూసిందే తప్ప, ఇందులో నిలబడితే ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు.

పైగా గౌనుకు జేబు ఉంది. హీరోయిన్ పొడుగాటి గౌనును రాత్రికి రాత్రి ఆమె కొలతకు కుదించిన దర్జీ అక్క, ఎవరూ అడక్కుండానే కుడిపక్క ఒక జేబు కుట్టింది.

"జేబెందుకక్కా?" అని అడిగింది గుసగుస, చెయ్యి అందులోకి దూర్చి, తీసి, మళ్లీ దూర్చి చూసుకుంటూ.

"కొత్తగా స్టేజెక్కినవాళ్లకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. అందుకే," అంది దర్జీ అక్క నోట్లో గుండుసూదులతో. "మాస్టారికి చెప్పకు. జేబుల గురించి కూడా ఆయనకో అభిప్రాయం ఉంటుంది."

గుసగుస నవ్వింది. పెళ్లయిన కొత్తలో అద్దం ముందు ఒంటరిగా నవ్వుకున్నట్టు నవ్వింది. జేబులో చెయ్యి పెట్టుకుని స్టేజి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. పదిహేను అడుగులు. వింగ్‌లో ఉన్నప్పుడు ఎందుకో పది అనుకునేది.

ముందు వరసలో అత్తగారు ఊలు అల్లుతోంది. ఏ రిహార్సల్‌కైనా ఆవిడ రావలసిందే. కొడుకు నటన చూస్తుందో, అల్లిక పోగులు చూస్తుందో ఎవరికీ తెలియదు. పెదాలు మాత్రం లెక్కపెడుతూ ఉంటాయి. సెట్టు పని చేసే వడ్రంగి బాబాయి సెట్టు వెనక గోడ చాటున కూర్చుని ఒక మేకు కొడుతున్నాడు. హాస్యపాత్రలు వేసే లావాటి నటుడు, అందరూ డోలు అని పిలిచే ఆయన, కుర్చీలో జారగిలబడి టీ తాగుతున్నాడు. మొత్తం పదకొండుమంది ఉన్నారు ఆ హాల్లో.

"ఆఖరి సీను," అన్నాడు మాస్టారు చప్పట్లు కొట్టి. "ఏమే, నిన్నే. జేబులోంచి చెయ్యి తియ్యి. నువ్వు తప్పు చేసి ఇంటికొచ్చిన పెళ్లానివి, షికారుకొచ్చినదానివి కాదు. దర్జీ, నువ్వు వింగ్‌లోకి పో. చెంపదెబ్బ దగ్గర చప్పట కొట్టాలి, మర్చిపోకు."

ఈ చప్పట సంగతి చెప్పాలి. స్టేజి మీద చెంపదెబ్బ కొట్టే నటుడి చెయ్యి చెంపకు వేలెడు దూరంలో ఆగిపోతుంది. దెబ్బ తినే మనిషి ముఖం పక్కకు తిప్పేస్తుంది. అదే క్షణాన వింగ్‌లో ఉన్నవాళ్లు రెండు చేతులూ గట్టిగా చరుస్తారు. ముందు వరసలో ఉన్నవాళ్లు కూడా నిజంగానే కొట్టాడనుకుంటారు. ఆరేళ్లుగా ఆ చప్పుడు గుసగుసదే. ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఆటల్లో ఆ చేతులు చరిచిందో. మాటలూ తనే అందించేది, దెబ్బ చప్పుడూ తనే అందించేది.

సీను మొదలైంది. బాగానే నడుస్తోంది. గుసగుస గొంతు మొదట సన్నగా వచ్చింది. నాలుగో మాటకల్లా హాలు చివరి గోడను తాకి వెనక్కి వచ్చింది. తన గొంతు అలా తిరిగి వచ్చి తనకే వినపడటం ఆమెకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. డోలు టీ గ్లాసు కింద పెట్టేసి నిటారుగా కూర్చున్నాడు.

సరిగ్గా అక్కడ మాస్టారు మాట మరిచిపోయాడు.

కొత్తేమీ కాదు. పన్నెండేళ్లుగా ఆ చోటే మరిచిపోతాడు. నోరు తెరుస్తాడు, వింగ్ వైపు అర అంగుళం తల వంచుతాడు, మాట వచ్చి చెవిలో పడుతుంది. ఇవాళ కూడా తల వంచాడు. వింగ్‌లోంచి మాట రాలేదు. కానీ ఎదురుగా తల దించుకుని నిలబడ్డ గుసగుస అలవాటు కొద్దీ, పెదాలు కదలకుండా, అందించేసింది.

"ఈ గుమ్మం దాటడానికి నీకు ఎవరు అనుమతి ఇచ్చారు..."

వింగ్‌లో అయితే అది ఆయన ఒక్కడికే వినపడేది. స్టేజి నడుమన నిలబడితే ఆ సన్నటి మాట కూడా గంట కొట్టినట్టు హాలంతా పాకింది.

డోలుకు నవ్వు ఆగలేదు. "మాస్టారూ, అదృష్టమంటే మీదేనండీ. ఆవిణ్ణి తిట్టడానికి మాటలు కూడా ఆవిడే అందిస్తోంది," అన్నాడు. హాలంతా గొల్లుమంది.

మాస్టారు కూడా నవ్వాడు. ఆ నవ్వు గుసగుసకు బాగా తెలుసు. ఇంటి తలుపు వేసి వెనక్కి తిరిగేటప్పుడు ఆ ముఖం మీద ఉండే నవ్వే అది.

"ఈ గుమ్మం దాటడానికి," అన్నాడు ఆయన, ఒక్కో మాటా నములుతూ, "నీకు ఎవరు అనుమతి ఇచ్చారు?"

చెయ్యి లేచింది. గుసగుస ముఖం తిప్పే లోపే అది వచ్చి తగిలింది. వేలెడు దూరంలో ఆగలేదు. చెంప మీద, చెవి మీద, దవడ ఎముక మీద పడింది. బట్టలు ఉతికే రాయి మీద తడి దుప్పటి కొట్టినట్టు హాలంతా మోగింది. గుసగుస రెండడుగులు తూలి సెట్టులోని బల్ల అంచు పట్టుకుంది. చెవిలో సన్నటి ఈల మొదలైంది. నాలిక తెగి నోరంతా ఉప్పగా అయింది.

"శభాష్," అన్నాడు డోలు. "చప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. దర్జీ అక్క చేతులు ఇనుమేనా?"

అప్పుడు హాలు వెనక తలుపు తెరుచుకుని, దారపు ఉండ చేత్తో పట్టుకుని, దర్జీ అక్క ఆయాసపడుతూ వచ్చింది.

"తప్పైపోయింది మాస్టారూ, నల్ల దారం అయిపోతే షాపుకి పరుగెత్తాను. దెబ్బ అయిపోయిందా? మరి వింగ్‌లో ఎవరూ లేరు కదా, చప్పుడెవరు చేశారు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పనవసరం లేదు. మామూలు జనమైతే ఏమనుకునేవారో గానీ, వీళ్లంతా నాటకాలవాళ్లు. ఏ చప్పుడు ఎక్కడ పుడుతుందో ఒంటితో తెలిసినవాళ్లు. వెనక సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. డోలు ముఖంలో నవ్వు గడ్డకట్టింది. ఒక నటి గుసగుస చెంప వంక చూసి, తర్వాత హీరోయిన్ మేకప్ పెట్టె వంక చూసింది. ఆరేళ్లుగా ఆ పెట్టెలో రంగు ఎందుకు తరిగిపోతోందో ఆ క్షణంలో ఆమెకు తెలిసిపోయినట్టుంది.

"ముప్పై ఒకటి, ముప్పై రెండు," అంటోంది ముందు వరసలో అత్తగారు, తల ఎత్తకుండా.

"ఏంటలా చూస్తారు? ఊపులో చెయ్యి తగిలింది. మొదటి నుంచి మళ్లీ చేద్దాం," అన్నాడు మాస్టారు. "ఏమే, కాళ్ల మీద పడు. అక్కణ్ణుంచి అందుకుందాం."

గుసగుస నోట్లో ఊరిన రక్తాన్ని మింగింది. తన చెంప మంటకన్నా, తన దెబ్బను మొదటిసారి తను కాక మరొకరు విన్నారన్న సంగతే ఆమెకు వింతగా ఉంది. బల్ల అంచు వదిలి నిలబడింది.

"పొయ్యి ఆర్పాను," అంది. "తాళాలు మేకుకి తగిలించాను. నేను బయటికి వెళ్తున్నాను. ఎక్కడికని అడగకండి, నాకూ ఇంకా తెలీదు. తెలుసుకోవాలనే వెళ్తున్నాను."

గొంతు వణికింది. అయినా చివరి గోడ దాకా వెళ్లి తిరిగి వచ్చింది.

మాస్టారు ముఖంలో రక్తం చుక్క లేదు. "ఎక్కడివే ఆ మాటలు?"

"పుస్తకంలోవండీ."

"ఏ పుస్తకం?"

"మన పుస్తకమే. మీరు జిగురు పూసిన కాగితాల్లోవి. రాసినాయన అలాగే రాశాడు. ఎల్లుండి నేను చెప్పబోయేవి అవే."

ఆయన మూడంగల్లో వచ్చాడు. రెండు చేతులూ ఆమె గొంతు చుట్టూ పడ్డాయి. బొటనవేళ్లు గొంతు గుంటలో దిగాయి. గుసగుస నడుము వెనక ఉన్న బల్లకు కొట్టుకుంది. పెద్ద దీపం ఆమె కళ్లలో రెండుగా, నాలుగుగా చీలింది. ఊపిరి లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

"ఏం చెప్తావే? చెప్పు. ఇప్పుడు చెప్పు," అంటున్నాడు ఆయన, పళ్ల సందుల్లోంచి, ఒక్కో మాటకూ ఆమె తల ఊగేలా కుదుపుతూ.

ఆమె చెయ్యి బల్ల మీద తడుముకుంది. ఇత్తడి పూలకుండీ తగిలింది. బలమంతా తెచ్చుకుని ఆయన నెత్తి మీద బాదింది. అది అట్ట కుండీ. రంగు వేసిన అట్ట. టోపీలా నలిగిపోయింది. గడియారం దొరికింది, అదీ అట్టే. పుస్తకాల దొంతర దొరికింది, కర్ర చెక్కకు కాగితం అంటించిన ఒట్టి బోలు. ఆ స్టేజి ఇంట్లో ఉన్నవన్నీ ఉత్తుత్తివే. నిజమైనవి ఆ రెండు చేతులే.

"మాస్టారూ, వదిలెయ్యండి," అంటున్నాడు డోలు, ఉన్నచోటే నిలబడి. ఎవరూ కదల్లేదు. అందరూ ఆయన పెట్టిన కూడు తింటున్నవాళ్లే.

గుసగుస కాళ్లు రెండూ ఎత్తి పక్క గోడకు తన్ని పెట్టింది. అదీ గోడ కాదు, చట్రానికి బిగించిన గుడ్డ. చర్రున చిరిగింది. ఇద్దరూ కలిసి దానిలోంచి అవతలికి, ఆమె ఆరేళ్లు కూర్చున్న వింగ్‌లోకి పడ్డారు. చట్రం విరిగి ఆయన భుజాల మీద కూలింది. పట్టు ఒక్క క్షణం సడలింది. ఆమె ఆయన మణికట్టును కొరికింది. చర్మం తెగేదాకా, ఆయన అరిచేదాకా వదల్లేదు. పక్కనే స్టూలు ఉంది. అది మాత్రం టేకుది. కాళ్లు పట్టుకుని లేపి ఆయన మోచేతి మీద దించింది. ఎముక చప్పుడు వినపడింది. ఇంకోసారి లేపింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ముడుచుకున్నాడు. ఆ ముడుచుకోవడం చూసి ఆమె ఆగిపోయింది. తను ప్రతిసారీ అలాగే ముడుచుకునేది.

స్టూలు కింద పెట్టేసింది.

వడ్రంగి బాబాయి చట్రాన్ని ఎత్తి పట్టుకున్నాడు. "వెళ్లిపో తల్లీ. ఎంతసేపు పట్టుకుంటానో నాకే తెలీదు," అన్నాడు.

*

వీధిలో మిట్టమధ్యాహ్నపు ఎండ. పండ్ల బండివాడు త్రాసు పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. చిరిగిన గౌనులో, ఒంటి చెప్పుతో, మెడ చుట్టూ ఎర్రటి వేళ్ల అచ్చులతో గుసగుస నడుస్తోంది. దర్జీ అక్క ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. రెండు వీధుల అవతల చిన్న ఆసుపత్రి ఉంది. తెల్లటి గది, ఇనప మంచం, మందుల వాసన, కిటికీలో చిన్న మొక్క.

నర్సు వయసు మీరిన మనిషి. చల్లటి గుడ్డ మెడకు చుట్టి, పెద్ద పుస్తకం ముందుకు లాక్కుని, కలం మూత తీసింది.

"ఎవరమ్మా చేసింది? పేరు చెప్పు, రాసుకుంటాను."

గుసగుస నోరు తెరిచింది. గాలి వచ్చింది. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. చివరి గోడ దాకా వెళ్లి వచ్చిన ఆ గొంతు పెదాల దాకా కూడా రాలేదు. ఎల్లుండి ఆట. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మెట్ల మీంచి పడిందండీ."

ఆ మాట తలుపు దగ్గర్నుంచి వచ్చింది. మాస్టారు నిలబడి ఉన్నాడు. చొక్కా మార్చుకున్నాడు. మోచెయ్యి ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. గొంతు మాత్రం తేనెలా ఉంది. "సెట్టు కూలింది. పట్టుకోబోయి నాకూ తగిలింది, చూడండి. పద, ఇంటికి పోదాం. దర్జీ, నువ్వు చెప్పవేం? మెట్ల మీంచే కదా పడింది?"

దర్జీ అక్క చేతిలోని దారపు ఉండ వంక చూసింది. సమాజం హాలు వెనక గదిలో ఆమె, ఆమె ముసలి తల్లి ఉంటారు. ఆ గది మాస్టారిది.

"నేను దారం కోసం వెళ్లానండి," అంది నేల చూస్తూ.

ఆరేళ్లు ఆయన మరిచిపోయిన మాటలు ఈమె అందించింది. ఇప్పుడు ఈమె మాటలు ఆయన అందిస్తున్నాడు. గుసగుసకు అది తట్టగానే ఏడుపు ఆగిపోయింది. చెయ్యి చాచి నర్సు వేళ్ల మధ్య నుంచి కలం తీసుకుంది. పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని రాసింది. నర్సు దాన్ని పైకి చదివింది, రోజూ జ్వరాలూ దగ్గులూ చదివే గొంతుతోనే.

"నా భర్త. రెండు చేతులతో. ఆరేళ్లుగా. ఇవాళ మాత్రం అందరి ముందూ."

మాస్టారు నవ్వాడు. "దెబ్బకు మతి చలించినట్టుంది. అక్కడ పదకొండుమంది ఉన్నారు సిస్టర్. ఎవరినైనా పిలిచి అడగండి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చూశామని చెబితే, ఏ కాగితం మీదైనా నేనే సంతకం పెడతాను. లేదంటే నా పెళ్లాన్ని నాతో పంపెయ్యండి."

నర్సు గుసగుస వైపు తిరిగింది. "చూసినవాళ్లు ఎవరైనా చెప్తారామ్మా?"

గుసగుస ఒక్కొక్క ముఖాన్నీ తలుచుకుంది. డోలు చెప్పడు. ఆ నటి చెప్పదు. వడ్రంగి బాబాయి ఈపాటికి ఏ మూలో కూర్చుని వణుకుతుంటాడు. కలం కాగితం మీద ఆగిపోయింది. మాస్టారు వచ్చి ఆమె భుజం మీద దెబ్బ తగలని చెయ్యి వేశాడు. మెల్లిగా, ప్రేమగా, ఎముక దాకా నొక్కాడు.

"నేను చూశాను."

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. సంచిలోంచి ఊలు దారం జారి, వచ్చిన తోవంతా ఈడ్చుకుంటూ వచ్చినట్టుంది. ముఖమంతా చెమట.

మాస్టారు ముఖం విప్పారింది. "రా అమ్మా, చెప్పు. మెట్ల మీంచే కదా?"

ఆవిడ కొడుకు వైపు చూడలేదు. నేరుగా వచ్చి ఇనప మంచం మీద, కోడలి పక్కన కూర్చుంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. కోడలి మెడ మీది గుడ్డను రెండు వేళ్లతో కొంచెం జరిపి, ఆ అచ్చుల్ని దగ్గరగా చూసింది. తర్వాత నర్సుతో అంది:

"రాసుకో తల్లీ. ఇవాళ్టిది కూడా చెప్తాను. కానీ ముందు వీడి నాన్న ఎలా చచ్చిపోయాడో రాసుకో."

గుసగుస భుజం మీంచి మాస్టారు చెయ్యి జారిపోయింది.